కంబళి కింద, ఈకల దుప్పటి పైన

నాయనా,

నువ్వు పోయి ఏడాదయింది. నేను ఈకల దుప్పటి ఒకటి కొన్నాను, నవ్వకు. వచ్చే నెల హిమాలయాల్లో కొండలెక్కడానికి పోతున్నాను, బరువంతా నా వీపు మీదే. బాతుల మెత్తటి ఈకలు నింపి కుట్టిన ఈ దుప్పటి నీ కంబళిలో నాలుగోవంతు బరువు కూడా లేదు.

విచిత్రమేమిటంటే, కొండలెక్కేవాళ్లు దూరి పడుకునే సంచిలా కాక దీనికి కింది భాగమే లేదు. ఒంటి కింద నలిగిన ఈక వెచ్చదనం ఇవ్వదట. నాకు నమ్మకం కుదరక మిద్దె మీద పడుకుని చూశాను. తెల్లవారేసరికి వణుకు పుట్టింది. నీ కంబళి తెచ్చి పైన కప్పుకున్నాను. చలి ఇంకా పెరిగింది! దాని బరువుకు ఈకలన్నీ అణిగిపోయాయి.

అమ్మ పైకొచ్చి చూసింది. "కంబళి పైనేసుకుంటివేమే? కింద పర్చు. చలి నేలలోనించి ఎక్కుతాదని మీ నాయన చెప్తాండె గదా!"

పరిచాను. కాసేపటికే ఒళ్లు వెచ్చబడింది. గొర్రెల మంద దగ్గర నువ్వు పడుకునే తీరూ ఇదే కదా, కంబళి కింద, పాత పంచె పైన.

ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. చిన్నప్పుడు మారాం చేసి నీ వెంట మంద దగ్గరికి వచ్చేదాన్ని. ఉన్న ఒక్క కంబళినీ నాకే కిందా పైనా చుట్టేవాడివి. "నీకో?" అంటే, "నాకు చలి లేదులే పాపా, పండుకో" అనేవాడివి.

చలి నేలలోంచి ఎక్కుతుందని నీకు తెలుసు. ఆ రాత్రుళ్లు నువ్వు దేని మీద పడుకున్నావు నాయనా?