విసుగు రాని న్యాయాధిపతి

క్యాంప్ 1, భిలాయి

పాస్టరు గారికి వందనాలు. ఎదుట చెప్పలేక రాస్తున్నాను.

పనిలో పైనుంచి పడి మా ఆయన పోయాక, తాగి పడ్డాడని కాంట్రాక్టరు మనుషులు రాసుకున్నారు. మీరేమో అన్యాయస్థుడైన న్యాయాధిపతి ఉపమానం చెప్పి, ఆ విధవరాలిలా విసుగక అడగమన్నారు. ఆ అబద్ధం దిద్దమని రోజూ ఆఫీసుకు వెళ్తున్నాను.

ఉపమానంలో ఆమె పోరు పడలేక న్యాయాధిపతి న్యాయం తీర్చాడు. ఇక్కడి మేనేజరు మన శ్రీకాకుళం మనిషే. కుర్చీ వేయించి, టీ తెప్పించి, "సూద్దామమ్మా" అంటాడు. నిన్న జ్వరమొచ్చి వెళ్ళలేదు. ఇవాళ నవ్వుతూ, "నిన్న రానేదేటమ్మా? నీ టీ సల్లారిపోనాది" అన్నాడు.

ఆయనకు విసుగు రాలేదయ్యగారూ, నేను అలవాటైపోయాను.

ఈ ఆదివారం ప్రార్థనలో నా పేరు చదవకండి. దేవుడికి కూడా అలవాటైపోయానేమోనని భయంగా ఉంది.