శారా మరణాధ్యాయం వాయిదా

2 జూన్ 1963, ఆదివారం. ప్రోతరాపూర్.
మా వరండాలో ప్రార్థన కూటం. అబ్రాహాము జీవితంపై వరుస పాఠాలలో నేటి విషయం: మోరీయా కొండ, కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోవడం, బదులుగా పొట్టేలు దొరకడం. హాజరు సంతృప్తికరం. రేకుల మీద వాన కురిసినంతసేపు నా మాట ఎవరికీ వినపడలేదు; పాఠం బాగుందని అందరూ అన్నారు.
వరుస ప్రకారం వచ్చే ఆదివారం అబ్రాహాము భార్య శారా మరణం.
నా భార్య మార్తకు మళ్ళీ ఆయాసం...

4 జూన్.
హాడోలో నా ఆఫీసుకు సెలవు పెట్టాను. ఆసుపత్రి. డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఇంక ఎక్కువ కాలం..." అని ఆగాడు. వాక్యం పూర్తి చేయవలసిందిగా నేను కోరలేదు.

9 జూన్, ఆదివారం.
మోరీయా కొండ, రెండవసారి. కారణం: కిందటి వారం వాన. అభ్యంతరాలు రాలేదు.

13 జూన్.
సర్కారువారు మాకిస్తామన్న స్థలం సంగతి వాళ్ళ ఆఫీసులో మళ్ళీ అడిగాను. "అయిపోయినట్టే అనుకోండి" అన్నారు. ఈ దీవిలో ఓడ దిగిన ఏడాది నుంచీ అయిపోయినట్టే అనుకుంటున్నాను. మార్త అయితే అనుకోవడంతో ఆగలేదు; ఆనాడే వెళ్ళి ఆ స్థలం వాలులో కొబ్బరి మొక్కలు నాటింది. ఇక్కడ అందరూ చేసేదదే — ముందు చెట్టు, తరువాత ఉత్తర్వు. చెట్లు కాపుకొచ్చాయి. ఉత్తర్వు రాలేదు.
అబ్రాహాముకు దేవుడు దేశమిస్తానన్నాడు, సంతానమిస్తానన్నాడు. మా ఇంట సంతానం విషయమై ఎవరూ హామీ ఇవ్వలేదు గనుక ఫిర్యాదు కూడా లేదు.

16 జూన్, ఆదివారం.
మోరీయా కొండ, మూడవసారి. పొరుగింటి అప్పన్న చేపల వేటకు వెళ్ళని రోజుల్లో వచ్చి గడప దగ్గర కూర్చుంటాడు; మా దేవుడితో అతనికి పేచీ లేదు. మధ్యలో లేచాడు.
"ఏటి భయ్యా, ఆ బుడ్డోణ్ణి కొండ మీంచి ఇంకా దింపనేదేటి? బకరా దొరికింది గదా, ఛోడ్ దో!"
అందరూ నవ్వారు. మార్త కూడా, ఆయాసంతోనే.
పడుకునేముందు మెల్లగా అంది: "ముసలాయన ఎప్పుడో దిగిపోయాడు. మీరే దిగడం నేదు."


20 జూన్.
మార్తకు కాళ్ళు వాచాయి. "నన్ను మన కొబ్బరి చెట్ల కాడే పెట్టండి" అంది. అది సర్కారు భూమి, ఇంకా మనది కాదు... నిబంధనలు వివరించాను. భార్యకు నిబంధనలు వివరించాను!
చేప ఇవ్వడానికి వచ్చిన అప్పన్న విన్నాడు. చేపను గడప పక్కన పెట్టాడు.
"నా జగా ఉంది గదా భయ్యా. చెల్లి నాకు బరువేటి?"
"వద్దన్నయ్యా" అంది మార్త. "శారమ్మకి ఊరికే చోటిస్తామంటే అబ్రాహామే ఒప్పుకోనేదు. కొనుక్కున్నాడు."
ఆ అధ్యాయం నేను చెప్పలేదు. వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పిందట. నేను దాస్తున్నది ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

22 జూన్.
"రేపు శారమ్మ పాఠం చెప్పండి. నాను ఇనాలి."
సరే... అన్నాను.
దేశమంతా ఇస్తానన్న మాట నమ్మి ఇల్లు విడిచిన మనిషి. ఆ దేశంలో అతనికంటూ మొదట దక్కినది భార్య సమాధికి చోటు. అయినా నమ్మకం వదలలేదు. ఇది విశ్వాసమా, అంతకంటే వేరే దారి లేకపోవడమా? పాఠంలో విశ్వాసమనే చెబుతాను.

23 జూన్, ఆదివారం.
మార్త గోడకు చేరగిలబడి కూర్చుంది. శారా చనిపోయిందన్న చోట చదవడం ఆపాను. మార్త కళ్ళు తెరవకుండానే "ఊఁ" అంది. చదివాను. అబ్రాహాము ఏడ్చాడన్నది కూడా చదివాను.
అందరూ వెళ్ళాక అడిగింది:
"తరవాతేటి?"
"ఇస్సాకు పెళ్ళి."
"అది నాకు తెల్దు. ఇప్పుడే సెప్పండి."
"ఆదివారం."
నా వైపు చూసింది. నేనెందుకు ఆపుతున్నానో పసిగట్టింది.
"సరే, ఆదివారం ఇంటాన్లెండి."
నోటిమాట. నమ్మాను.

25 జూన్.
రెండు గుక్కల గంజి.

27 జూన్.
గంజి వద్దంది. పిలిస్తే పలుకుతోంది... ఆదివారానికి ఇస్సాకు పెళ్ళి పాఠం సిద్ధం చేస్తున్నాను.