బోర్డు మీద లేని పేరు

జూన్ 3

కౌన్సిల్ హాలుకి కొత్త రంగు వేశారు. ఇక గోడకి చైర్మన్ల పేర్ల బోర్డు పెట్టాలట. మునిసిపాలిటీ పుట్టినప్పటి నుంచి ఎవరెవరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా. కమిషనర్ గారు నా టేబుల్ దగ్గర ఆగి, "పద్మ గారూ, సీనియర్ అసిస్టెంట్ మీరేగా, రాసిపెట్టండి. రెండు రోజుల పని" అన్నారు.

రెండు రోజులట...

జూన్ 5

రికార్డు గది. దుమ్ము, తుమ్ములు. చెదలు తిన్నంత తిని వదిలేసిన మినిట్స్ పుస్తకాలు. అయినా బాగుంది. ఒక చైర్మన్ ప్రతి సంతకం ముందూ తనకు తానే 'శ్రీ' తగిలించుకున్నాడు. ఇంకొకాయన హయాం అంతా ఒకటే చర్చ — వీధుల్లో పందులు. చివరికి ఆయన ఓడిపోయాడు, పందులు ఉండిపోయాయి. నాలో నేను నవ్వుకుంటుంటే అటెండరు తొంగి చూసి వెళ్లిపోయాడు.

జూన్ 6

పదిమంది తేలారు. అందరూ మగవాళ్లే. పదకొండో పేరు ఇప్పటి చైర్‌పర్సన్ సుజాత గారిది. ఆమె భర్త సాంబశివరావు గారు ఫోను చేశారు — "మేడమ్ పేరు పక్కన 'మొదటి మహిళా చైర్‌పర్సన్' అని పెద్దక్షరాల్లో రావాల."

ఆయన ఏ పదవిలోనూ లేరు. ఫోన్లు మాత్రం అన్నీ ఆయనవే.

జూన్ 9

ఒకచోట ఏడు నెలలు ఖాళీ. ఆరో చైర్మన్‌ని అవిశ్వాసం పెట్టి దించారు. తర్వాత ఎవరిని ఎక్కించాలో రెండు వర్గాలకీ కుదరలేదు. ఆ ఏడు నెలల మినిట్స్ కింద ఒకటే సంతకం, గుండ్రటి అక్షరాల్లో — నాగరత్నమ్మ, వైస్ చైర్‌పర్సన్, ఇన్‌చార్జి.

బజార్లో ఇత్తడి సామాన్ల కొట్టు నాగరత్నమ్మ పిన్ని. నా పెళ్లికి బిందె కొన్నది ఆమె దగ్గరే. ఇన్నేళ్లలో ఒక్క మాట చెప్పలేదు.

క్వారీ కూలీల కాలనీకి మంచినీళ్ల పైపు — ఆమెకు ముందు నాలుగుసార్లు వాయిదా. ఆమె కూర్చున్న మొదటి సమావేశంలోనే ఆమోదం.

జూన్ 10

మధ్యాహ్నం కొట్టుకి వెళ్లాను. గంగాళం తుడుస్తోంది.

"ఏమే పద్మా, ఆ పాత కాయితాలన్నీ ఇప్పుడు తవ్వుతున్నావేంది?"

ఒకరి మొహం ఒకరు చూడని వాళ్లని ఎలా ఒప్పించావు పిన్నీ అని అడిగాను.

"ఒప్పించేదేముంది. పదకొండింటికి మీటింగు. ఎజెండా అయ్యేదాకా పునుగులు లోపలికి రానియ్యొద్దని చెప్పా. పన్నెండున్నరకల్లా అందరూ చేతులెత్తారు."

బోర్డు సంగతి చెప్పాను. తుడవడం ఆపలేదు. "ఇన్‌చార్జి పేరెవరు రాస్తారే" అంది. గంగాళం రెండో వైపు తిప్పి, తల ఎత్తకుండానే —

"రాస్తే... తెలుగులోనే రాస్తారా?"

జూన్ 12

పన్నెండు పేర్లతో జాబితా ఇచ్చాను. గంట కాకముందే సాంబశివరావు గారు కమిషనర్ గదిలో ఉన్నారు. నన్ను పిలిపించారు.

"ఇన్‌చార్జీలు కూడా చైర్మన్లేందమ్మా? రేపు కమిషనర్ గారు సెలవు పెడితే నువ్వు కమిషనర్‌వా? తీసెయ్."

కమిషనర్ గారు ఫైల్లో ఏదో వెతుక్కుంటున్నారు. "ఒకసారి మేడమ్‌కి చూపించి తీసేస్తాను సార్" అన్నాను. ఆ గొంతు నాదేనా... బయటికొచ్చి రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

జూన్ 13

సుజాత గారు ఒక్కరే ఉన్న సమయం చూసి మినిట్స్ పుస్తకం ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు.

"ఈమె చైర్మన్ కుర్చీలోనే కూర్చున్నారా? పక్క కుర్చీలోనా?"

"ఆ కుర్చీలోనే మేడమ్."

"మొదటి మహిళ అంటే మా అమ్మకి చానా గొప్ప పద్మ గారూ. బస్సులో పక్క సీటు వాళ్లకి కూడా చెబుద్ది" అని నవ్వారు. పుస్తకం మూసి — "ఈ నెల సమావేశంలో పెట్టండి. కౌన్సిలే తేలుస్తది."

జూన్ 16

ఆఖరి అంశంగా టైపు చేశాను. మూడుసార్లు సరిచూసుకున్నాను.

జూన్ 18

సమావేశం. వెనక బెంచీ మీద నాగరత్నమ్మ పిన్ని, జరీ అంచు చీరలో. దగ్గరికి వెళ్తే, "ఊరికే చూద్దామని వచ్చా. నీ పని చూసుకో" అని తోలేసింది.

చివరి అంశం చదివాను. "అప్పుడు ఆమె లేకపోతే ఆఫీసుకి తాళమే గదా" అని ఒకరు. "రూల్లో యాడుంది?" అని ఇంకొకరు. అరుపులు, మధ్యలో నవ్వులు కూడా. చేతులెత్తమన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను — రెండు పక్కలా సమానం. ఇక చైర్‌పర్సన్ ఓటే మిగిలింది.

గుమ్మం దగ్గర సాంబశివరావు గారు, తల అడ్డంగా ఊపుతూ. సుజాత గారు అటు చూశారు. వెనక బెంచీ వైపు చూశారు. "ఎల్లుండి పదకొండింటికి మళ్లీ కూర్చుందాం. నా ఓటు అప్పుడు చెబుతా."

బయట ఆయన కారు తలుపు తీసి పట్టుకున్నారు. ఆమె దాన్ని దాటి నడిచి, నాగరత్నమ్మ పిన్ని ఎక్కిన ఆటోలో ఎక్కి కూర్చున్నారు. పిన్ని కాస్త పక్కకి జరిగింది. ఆటో బజారు వైపు వెళ్లింది. ఆయన ఇంకా తలుపు పట్టుకునే ఉన్నారు.

ఇప్పుడే బోర్డు రాసే పెయింటర్ ఫోను. "మేడమ్, పదకొండు గీతలా, పన్నెండా?"

ఆగమన్నాను.