బస్సు వేసిన అడుగులు

పిచ్చుకా,

ఫోనులో అయితే నోరు పెగలదని కాగితం తీసుకున్నాను. మొన్న నువ్వు ఫోనులో అమ్మతో అన్న మాట పక్కనుండి నేనూ విన్నాను. "ఇరవై నాలుగేళ్లకే షుగరట. రోజూ నడవమంటున్నాడు డాక్టరు. నావల్ల కాదమ్మా, నాకు నాన్న కాళ్లు రాలేదు" అన్నావు. అమ్మ నవ్వింది. నేను లేచి బయటికి వెళ్లాను.

నీ ఏడో తరగతిలో డ్రిల్లు మాస్టారు పిల్లలకొకటి, ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికొకటి అడుగులు లెక్కపెట్టే బ్యాండ్లు ఇచ్చారు. మూడు నెలల పోటీ. సాయంత్రం ఇద్దరి అంకెలూ నువ్వే పుస్తకంలో రాసేదానివి. నాది ఏ రోజూ పదకొండు వేలకు తగ్గలేదు. నీది ఆరు, ఏడు. నా అంకె చూసి మళ్లీ మేడమెట్ల వైపు పరిగెత్తేదానివి. ఒకరోజు ఆయాసపడుతూ "నాన్నా, నువ్వసలు కూర్చోవా?" అని అడిగావు. "నీ వయసులో ఇంతకు రెట్టింపు నడిచేవాణ్ణి" అన్నాను.

నిజం ఇది. పొద్దున ఆరింటికి స్టీరింగు ముందు కూర్చుంటే మధ్యాహ్నం రెండింటికి లేచేవాణ్ణి. ఆ రూట్లో సగం గుంతలే. ఒక్కో కుదుపుకీ బ్యాండు ఒక్కో అడుగు కలుపుకునేది. రెండో రోజే కనిపెట్టాను: మొదటి ట్రిప్పు అయ్యేసరికి నాలుగు వేలు, నేను సీటు దిగలేదు. కండక్టరు చూసి "కాలు కదపకుండా కప్పు కొట్టేలా ఉన్నావన్నా, ఈ రోడ్డు వేసినవాడికో దండం పెట్టు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను. గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వు అమ్మతో "మా నాన్నలా ఎవరూ నడవలేరు" అంటున్నావు. ఊరుకున్నాను.

కప్పు నాకే వచ్చింది. ఆ తర్వాత నువ్వు మెట్ల వైపు పోలేదు. ఆటల పీరియడ్‌కి కడుపునొప్పి అని చీటీ రాయించుకునేదానివి. సంతకం నాదే.

పోయిన నెల, చూపు ఆనడం లేదని నన్ను బస్సు మీంచి తీసి డిపో ఆఫీసులో కూర్చోబెట్టారు. అలాంటి బ్యాండే ఒకటి కొని పెట్టుకున్నాను. రోజంతటికీ తొమ్మిది వందలు. అవీ నా అడుగులు.

నీకు నా కాళ్లు రాకపోవడం కాదమ్మా, అవే వచ్చాయి. ఆదివారం రా. బడి గ్రౌండు చుట్టూ ఇద్దరం నడుద్దాం. అంకెలు వద్దు.

నీ నాన్న

———

నాన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అది నాకు అప్పుడే తెలుసు. పోటీ రెండో నెలలో ఒక సెలవు రోజు నీ బస్సెక్కాను, నీ వెనక సీట్లో కూర్చున్నాను. చివరి స్టాపులో చూసుకుంటే నా చేతికి మూడు వేల ఎనిమిది వందలు. అద్దంలోంచి "ఏంటే, ముఖం అలా పెట్టావు?" అన్నావు. కడుపునొప్పి అన్నాను. నా మొదటి కడుపునొప్పి అదే.

పిల్లల్లో రెండో బహుమతి నాకొచ్చింది, మర్చిపోయావా? నీ బస్సెక్కిన రోజు నుంచి బ్యాండు బట్టలుతికే మిషన్‌కి కట్టేదాన్ని. నువ్వు గేటు తీసిన చప్పుడు వినగానే నాలుగు మెట్లెక్కి దిగి ఆయాసం తెచ్చుకునేదాన్ని. అమ్మ చూసి "దొందూ దొందే" అంది. మొన్న నవ్వింది అందుకే.

నేను ఆగిపోయింది ఓడిపోయినందుకు కాదు. నువ్వు చెబుతావని కప్పు తీసుకునే రోజు దాకా చూశాను. ఒక్కరోజు బస్సు దిగి వచ్చి "రావే, నడుద్దాం" అని ఉంటే ఆ అంకెలు నాకెందుకు? ఆ మాట రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఆదివారం రాను. డ్యూటీ ఉందని రాద్దామనుకున్నాను. లేదు. పొద్దంతా కుర్చీ, చెవులకు హెడ్‌ఫోను. గదికొస్తే మంచం. ఒక అంతస్తు ఎక్కితే గుండె దడ. పక్కన నడుస్తూ నువ్వది వినడం నాకిష్టం లేదు.

డాక్టరు నాకూ ఒక బ్యాండు ఇచ్చాడు. వారానికోసారి అంకెలు పంపాలి. పంపుతున్నాను. మా హాస్టల్లోనూ బట్టలుతికే మిషన్ ఉంది. నిన్న వెళితే అంకెలు చూసి మెచ్చుకున్నాడు. "నడక ఎవరు అలవాటు చేశారమ్మా?" అని అడిగాడు.

మా నాన్న అని చెప్పాను.

పిచ్చుక