అన్నగారి కుర్చీ

ఎలుకల మూత్రపిండాలు చదివి నా తల ఎత్తించిన బుజ్జమ్మకి నాన్న రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోనులో నాకు సగమే వినపడుతుంది కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నిన్న లైబ్రరీ బల్లలు బాగుచేయడానికి వెళ్తే, అక్కడి లైబ్రేరియనమ్మ కంప్యూటరులో నీ పేరు కొట్టి చూపించింది. నువ్వు పదకొండు పరిశోధనా వ్యాసాలు అచ్చు వేయించావట. వాటిని శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో నలభై ఒక్కసార్లు ప్రస్తావించారట. దాన్నే సైటేషన్ అంటారట. ఆవిడ చదువుతుంటే నేను పెన్సిలుతో బల్లమీద గీతలు పెట్టుకుంటూ పోయాను. అందులో ముప్ఫై ఎనిమిది ఒక్క మహానుభావుడివే. ఇంటిపేరు మనదే, పేరులో మొదటి అక్షరమూ నీదే. అంటే నీకు అన్న వరస. మనవాళ్ళలో ఇంత పెద్దమనసున్నవాడు ఉన్నాడని ఇన్నాళ్ళూ తెలియలేదు. ఈ మాట అంటే లైబ్రేరియనమ్మ ఎందుకో కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. సంతోషం కాబోలు.

ఇట్లు,
కాళ్ళు నేలమీద నిలవని నీ నాన్న

తా.క. నీ పేరు రాసి రాసి ఆయన చెయ్యి ఎంత లాగిందో పాపం.

*

నాన్నకి,

నీ ఉత్తరం ల్యాబులో అందరి ముందూ విప్పాను. సగం చదివి మడిచి కోటు జేబులో పెట్టేశాను. ఆ అంకె పెద్ద విషయం కాదు నాన్నా. మా దగ్గర అందరూ అంతో ఇంతో చేసేదే. ఆయన గురించి ఎక్కడా అనకు, ఆయనకి నచ్చదు. వచ్చే నెల పదిన నా ప్రమోషన్ కమిటీ. ఆ దరఖాస్తులోనూ బయటివాళ్ళ ప్రస్తావనలు ఎన్నని ఒక గడి ఉంది. అది ఇంకా ఖాళీగానే ఉంది.

బుజ్జి

తా.క. ఇప్పటికే ఎవరెవరికి చెప్పావు?

*

బంగారు బుజ్జమ్మకి,

మంగలికి, మందుల షాపతనికి, బస్సులో పక్కన కూర్చున్నావిడకి చెప్పాను. వింటూ వింటూ ఆవిడ దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

'ఆయనకి నచ్చదు' అన్నావు చూడు, అక్కడే పడిపోయాను. చేసిన మేలు చెప్పుకోని మనిషి. అందుకే ఆయనకో కుర్చీ చేస్తున్నాను, చెయ్యి ఆనించి రాసుకునే పలకతో. పదో తారీకున నేనే తెస్తాను. కమిటీ పెద్దల ముందు ఆయన్ని అందులో కూర్చోబెట్టి నాలుగు ముక్కలు మాట్లాడతాను. మోకాలి నుంచి పాదం దాకా ఎంతో, భుజాలెలా ఉంటాయో, ఏ చేత్తో రాస్తాడో కనుక్కుని పంపు.

ఇట్లు,
చేతినిండా రంపపు పొట్టుతో నాన్న

తా.క. ఆ నాలుగు ముక్కలూ రాసుకున్నాను. ఆరు పేజీలయ్యాయి.

*

నాన్నా,

నువ్వు రావద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, కుర్చీని వ్యానులో పంపించు. ఆయన ఆ రోజు ఊళ్ళో ఉండడు. ఉన్నా తల ఎత్తడు.

మోకాలి నుంచి పాదానికి పదహారున్నర అంగుళాలు. కూర్చుంటే కుడి భుజం అరంగుళం కిందికి. రాసేది ఎడమచేత్తో.

బుజ్జి

తా.క. ఏవో అంకెలు వేసి పంపేద్దామనుకున్నాను. కొలతలు కల్పించడం మాత్రం నాకు చేతకాలేదు.

*

బుజ్జమ్మా,

కుర్చీ రేపు వ్యానులో వస్తుంది. నేను రావడం లేదు.

చెక్క కోయబోయి ఆగాను. నువ్వు కాలేజీలో చేరినప్పుడు చేసిచ్చిన కుర్చీ వెనక గదిలోనే ఉంది కదా. టేపు పెట్టి చూశాను. పదహారున్నర. కుడివైపు అరంగుళం దించిన వీపు చెక్క. ఎడమవైపు పలక. ఆ అన్నగారిని ఎత్తుకుని పెంచింది నేనే.

కోపం రాలేదు. సిగ్గేసింది, అదీ నీ గురించి కాదు. కొట్టు తెరిచిన ఏడాది గడప తొక్కినవాడు లేడు. అభిప్రాయాల పుస్తకం ఒకటి పెట్టి మొదటి ఆరూ నేనే రాసుకున్నాను, రెండు రంగుల సిరాతో. మీ అమ్మ తిరగేసి, "ఆరుగురూ ఒకే బళ్ళో చదివారేమిటండీ, రాత ఒక్కలాగే ఉంది" అంది. ఏడోది నిజమైంది. ఒక టీచరమ్మ, 'సొరుగు బిగుసుకుపోతోంది' అని రాసింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని ముప్ఫై ఏళ్ళు బతికాను. తర్వాత నా సొరుగు ఒక్కటీ బిగుసుకోలేదు.

ఇవాళ మంగలికి అసలు సంగతి చెప్పాను. "బయటివాళ్ళు ముగ్గురేనోయ్" అన్నాను తల దించుకుని. ఎలాగూ దించాల్సిందే, మెడ గొరుగుతున్నాడు. అతను కత్తి ఆపి, "ముక్కూ మొహం తెలియనివాళ్ళు ముగ్గురా" అన్నాడు.

ఆ గడిలో మూడే వెయ్యి. వ్యానులో వచ్చేది నీ పాత కుర్చీయే, అందులో కూర్చుని వెయ్యి.

నీ నాన్న

తా.క. ఆ ముగ్గురూ ఏమన్నారో లైబ్రేరియనమ్మ చేత చదివించుకున్నాను. ఇద్దరు ఊరికే నీ పేరు చెప్పి వదిలేశారు. మూడో ఆయన నీ ఎలుకల లెక్క తప్పిందన్నాడట. ఆయనకి జవాబు రాయి. కొలతలు కూడా అడుగు, ఇంకో కుర్చీకి చెక్క మిగిలింది.