రాజులమ్మను అమ్మకూడదు

అనంతగిరిలో కిరాణా కొట్టు నడుపుకుంటున్న పొట్నూరు వరహాలరావు అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతోనే రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగానే ఉంది, కాళ్లే నిలవడం లేదు. రేపు విశాఖలో గుండెకు ఆపరేషన్. నాలుగు ముక్కలు రాయడం, లేచి షట్టరు దాకా వెళ్లి రావడం, ఇదే పని పొద్దుటి నుంచీ.

1. కొట్టు ఉన్న జాగా ఈ ఊరి గిరిజనుడు బుధుది. ఏజెన్సీలో భూమి మా మైదానంవాళ్ల పేరున రాయడానికి చట్టం ఒప్పదు. మేం అద్దెకున్నాం. కరెంటు మీటరు కూడా అతని పేరునే ఉంది. జాగా గురించి నా వారసులెవరూ అతని దగ్గర మాటెత్తరాదు.

2. సరుకు, త్రాసు, ఇనప్పెట్టె నా భార్య వెంకటలక్ష్మికి. కిటికీ పక్కనున్న ముక్కాలిపీట కూడా ఆమెకే. ఇన్నేళ్లూ దానిమీద నేను కూర్చున్నాను, ఆమె నిలబడి తూచింది.

3. ఫోనులో నలుగురు జట్టుకట్టి ఆడే యుద్ధం ఆటలో నాకొక యోధురాలు ఉంది. పెద్ద డాలు పట్టుకుని జట్టుకు ముందు నిలబడుతుంది. పరుగు తక్కువ, ఓర్పు ఎక్కువ. అందుకే ఆమెను ఎవరూ ఎంచుకోరు. సంతలో త్రాసుకాడ పట్టుకుంటే వదలని మా అమ్మ పేరే, రాజులమ్మ అని, ఆమెకు పెట్టాను. ఏళ్ల తరబడి ఆడి పైమెట్టుకు తెచ్చాను. నా కొడుకు దుర్గాప్రసాద్ ఆమెను ఖాతాతో సహా అమ్మేస్తానంటున్నాడు. "వైజాగ్‌లో ఓ గుంటడు మంచి రేటు సెప్పాడు నాన్నా. నువ్వు ఆస్పత్రిలో పడుకుంటే ఆ ముసల్దాంతో ఎవుడాడతాడు?" అన్నాడు. వాడికి మోటారు సైకిలు ఇస్తున్నాను. రాజులమ్మను ఇవ్వడం లేదు.

4. రాజులమ్మ బుధుకి. గిరాకీ వచ్చినప్పుడల్లా ఫోను అతని చేతిలో పెట్టి లేచేవాడిని. నేను ఆడేటప్పుడు ఆగలేక రాజులమ్మను ముందుకు దూకిస్తే, పక్కన బస్తామీద నుంచి కేకేసేవాడు: "నిలు సావుకారీ! డాలున్నోడు పరిగెడితే ఎనకున్నోళ్లు సత్తారు!"

5. మా జట్టులో ఆడే పక్క కొట్టు సురేంద్ర ఆట మధ్యలో మిరియాలు తూచడానికి పోయి రాజులమ్మను చంపించాడు. అది మరిచిపోలేదు. అయినా సాక్షిగా పిలిచాను. ఈసారైనా పని అయ్యేదాకా లేవకూడదు.

6. పై కలాలు రాశాక ఖాతాను బుధు పేరుకు మార్పించాలని సెల్ కొట్టుకు వెళ్లాను. అక్కడి భాను నంబరు చూసి నవ్వింది. "ఏటి బాబూ మార్సీది? సిమ్మే బుధు పేరున ఉంటేను!" ఇక్కడ ఏది తీసుకున్నా అతని ఆధార్ ఇచ్చే అలవాటులో సిమ్ముకూ అదే ఇప్పించాను. ఆ అడ్డు భూమికే గాని సిమ్ముకు లేదని అప్పుడు తోచలేదు. ఖాతా చేతులు మారాలంటే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది, ఆ నంబరు చట్టప్రకారం బుధుది. కాబట్టి నాలుగో కలం రద్దు. నాది కానిదాన్ని నేను ఇవ్వలేను, దుర్గాప్రసాద్ అమ్మనూ లేడు.

7. బుధూ, ఇది వీలునామాలో రాసేది కాదు, అయినా అడుగుతున్నాను. సంతరోజు తప్పించి రోజూ రాజులమ్మను ఆడించు. నేను తిరిగొస్తే ప్రతి ఆటకూ నిన్ను అడిగే ఫోను తీసుకుంటాను. రాకపోతే, ఎవరూ వెనక లేనప్పుడు చూసి, ఒక్కసారి ఆమెను పరిగెత్తనీ.

అనంతగిరి, 12-11-2024

(సంతకం) పొట్నూరు వరహాలరావు

సాక్షులు:
సురేంద్ర, పక్క కొట్టు (చివరిదాకా కూర్చున్నాడు)
ఆదినారాయణ, టీ దుకాణం