బాగున్నానన్నందుకు ఆగిన సాయం

సహాయ కేంద్రం పెద్ద అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: 'బాగున్నాను' అన్న కారణమున మా మనవరాలికి నిలిపివేసిన సహాయమును తిరిగి ఇప్పించ కోరుట గురించి.

దర్జీ పని చేసుకొను వృద్ధుడు తమకు చేసుకొను మనవి.

1. రెండేళ్ళ క్రితం నా మనవరాలిపై అత్యాచారం జరిగినది. ఈ మాట వ్రాయలేక ముందు కాగితం చించివేసితిని. పేరు వ్రాయవద్దని పిల్ల చెప్పినది. కేసు నంబరు కవరు మీద ఉన్నది.

2. తమ కేంద్రంలో డాక్టరమ్మగారు ప్రతి సోమవారం పిల్లతో మాట్లాడేవారు. నేను బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. లోపల ఏం మాట్లాడుకున్నారో ఎన్నడూ అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు పిల్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను ఆటపట్టించేది. "గుండీ ఊడిన చొక్కా వేసుకునే దర్జీని ఎక్కడైనా చూశామా తాతా?" అనేది. నాకది చాలు.

3. గత నెల కొత్త గుమస్తాగారు గుమ్మం దగ్గరే "ఏమ్మా, బాగున్నావా?" అని అడిగిరి. పిల్ల "ఆ, బాగున్నానండి" అన్నది. అంతే. 'కోలుకున్నారు' అని ఫైలు మూసివేసిరి. నేను వెళ్ళి విచారించగా, "తన నోటితోనే చెప్పింది కదా పెద్దాయనా, ఇంకా మీకేం కావాలి?" అన్నారు.  జవాబు నాకు బస్సెక్కాక తోచింది. అయ్యా, బాగున్నావా అంటే ఎవరైనా బాగున్నాననే అంటారు. మా వదిన ఆసుపత్రి మంచం మీద, ముక్కుకున్న గొట్టం పక్కకు జరిపి మరీ బాగున్నానంది. అది మర్యాద.

4. బాగున్న పిల్ల మా కొట్లో కుట్టు మిషను గుమ్మానికి ఎదురుగా తిప్పుకోదు. వీధిలో ఎవరో గట్టిగా నవ్వితే సూది వేలిలో దింపుకోదు. నేను కూడా దగ్గి గాని కొట్లోకి వెళ్ళను. పక్క కొట్టు ఇస్త్రీ ఆయన "ఏం తాతా, ఎన్నాళ్ళీ దగ్గు? ఆ మందేదో మార్చరాదూ!" అంటాడు. మారుస్తాలే అంటాను.

5. వచ్చే నెల పిల్ల కోర్టులో చెప్పవలసి ఉన్నది. జరిగిందంతా మళ్ళీ చెప్పాలి. పక్కన ఉంటానని డాక్టరమ్మగారు మాట ఇచ్చిరి. ఫైలు మూశాక వారు రావడానికి వీల్లేదట. "అయితే నేనూ వెళ్ళను తాతా" అంటున్నది. నా భయం అదే. ఇది వ్రాస్తూ ఉండబట్టలేక లేచి గుమ్మం దాకా పోయి వచ్చితిని. మళ్ళీ లేస్తున్నాను.

కావున తాము దయతో ఆ ఫైలు తెరిపించి, పిల్ల తనంతట తాను చాలనేదాకా ఆ సోమవారాలు ఇప్పించ ప్రార్థన. ఎలా ఉన్నదో తెలుసుకోవలెనంటే గుమ్మంలో కాక, లోపల కూర్చోబెట్టి, తీరిగ్గా అడిగించగలరు. ఆ బెంచీ మీద నా పక్కన తల్లులు కూడా కూర్చునేవారు. వాళ్ళ పిల్లలూ బాగున్నామనే అంటారు.

కోర్టు తేదీ రాకముందే ఇది చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆ పిల్ల తాత

మరొక మాట: అర్జీ ఇద్దామని వస్తే గుమస్తాగారు "ఏం పెద్దాయనా, బాగున్నారా?" అన్నారు. బాగున్నానండి అనేశాను. బెంచీ మీద కూర్చుని ఈ ముక్క కలిపాను. అయ్యా, నేనన్నది వ్రాసుకోవద్దు.